సుద్ద రుద్దిన గాజు పలకలు

మార్చి 3, సోమవారం

పలకలు కడిగే యంత్రం వచ్చింది. నలుగురు మోసుకొచ్చి నా తొట్టి పక్కనే దించారు.

"ఇక మీ నడుముకి సెలవు, బాబాయ్" అన్నారు మేడమ్. నేను నవ్వాను. పదకొండేళ్ళు ఆ తొట్టి మీద వంగి ల్యాబులో గాజు పలకలు కడిగాను. సెలవిస్తే సంతోషించాలి కదా.

ఇంటికొచ్చి అక్కకి చెప్పాను.

"యంత్రం కడిగితే మరి నువ్వేం చేస్తావురా?"

"పలకలు అందులో పెడతాను. అయ్యాక తీస్తాను."

"అంటే దానికి నువ్వు పనివాడివన్నమాట."

అక్కకి డెబ్బై నాలుగు. మోకాళ్ళు అరిగాయి. నాలుక అరగలేదు.

మార్చి 4

యంత్రం బాగానే కడుగుతోంది. పలక ఉందో లేదో తెలియనంత తేటగా వస్తోంది. నాకు పనేమీ లేదు. తొట్టి అంచు తుడిచాను. కాసేపాగి మళ్ళీ తుడిచాను.

మార్చి 7, శుక్రవారం

ఇవాళ మేడమ్ పలకల మీద పోసి చేసే పొరలు చిరిగాయి. ఆరు లాగితే ఆరూ.

లాగే మిషను దగ్గర కూర్చునే ఆయన్ని అందరం లాగుడు అంటాం. ఆయనా పలుకుతాడు. పొరని రెండు వైపులా బిగించి తెగేదాకా లాగడమే ఆయన పని. మేడమ్ పొర రబ్బరులా సాగి, సాగి, ఇక చాలు అన్నట్టు ఎప్పటికో తెగేది. ఇవాళ మీట నొక్కీ నొక్కకముందే పటుక్కుమంది.

"ఏంటి పెద్దాయనా, పొరలు పంపమంటే ఎండుటాకులు పంపారేంటి?" అన్నాడు.

దాచుకోవడం ఎందుకు, నాకు లోపల కాస్త సంతోషమే వేసింది. చెయ్యి చెయ్యే, యంత్రం యంత్రమే అనుకున్నాను.

మార్చి 11

మళ్ళీ చిరిగాయి. పలక మీంచి ఒలిచేటప్పుడే రెండు చీలిపోయాయి. నా పలక మీంచి ఏ పొరా అలా చీలలేదు.

పోయిన నెల బయటి ల్యాబు వాళ్ళు ఉత్తరం రాశారు. మీరు చెప్పినట్టే చేశాం, మాకు రావడం లేదు అని. అప్పుడు మేడమ్, వాళ్ళకి ముంచడం చేతకాలేదు అని నవ్వారు. ఇవాళ నవ్వలేదు. ఉత్తరం తీసి మళ్ళీ చదువుకున్నారు.

కాలిన ఒంటి మీద వేసే పొర ఇది. రోజూ తీసి మార్చాలి. తీసేటప్పుడు ముక్కలైతే కొత్త చర్మం దానితో లేచి వస్తుంది. ఆసుపత్రి వాళ్ళు వచ్చే నెలలో పన్నెండుమంది రోగులకి వేసి చూస్తామన్నారు. మేడమ్ నాలుగేళ్ళుగా ఎదురుచూసింది ఆ పన్నెండుమంది కోసమే.

నాచు పొడి జిగురుని పలక మీద పోసి ఆరబెట్టి, ఆరాక ఉప్పునీళ్ళలో ముంచుతారు. ఒకసారి నాకు చెప్పారు, టీ తాగుతూ. "వంట ఉప్పు కాదు బాబాయ్, కాల్షియం ఉప్పు. అది పోగుల మధ్యకి దూరి ఇటో చెయ్యి, అటో చెయ్యి పట్టుకుంటుంది. లాగితే ఒక చెయ్యి వదిలి ఇంకోటి పట్టుకుంటుంది. అందుకే తెగదు." మిగతావాళ్ళు చేస్తే ఉప్పు పైపైనే గబుక్కున పట్టేసి పొర పెళుసైపోతుందట. మేడమ్ ఒకసారి పలచటి ఉప్పునీళ్ళలో ముంచి, రాత్రంతా ఆగి, మర్నాడు చిక్కటి దానిలో ముంచుతారు. ఆగడంలోనే ఉంది బాబాయ్ కిటుకంతా, అనేవారు. పుస్తకాల్లో ఆ మాటే రాశారు. బహుమతి కూడా దానికే ఇచ్చారు.

మార్చి 12

దానికీ దీనికీ సంబంధం లేదు.

మార్చి 14, శుక్రవారం

మేడమ్ నా తొట్టి దగ్గరికొచ్చారు. స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"బాబాయ్, యంత్రం రాకముందు మీరు పలకలు ఎలా కడిగేవారు?"

"రూలు ప్రకారమే మేడమ్."

"అంటే?"

"సబ్బునీళ్ళు. తర్వాత డిస్టిల్డ్ వాటర్. గోడ మీద ఉన్నట్టే."

"ఇంకేం లేదుగా?"

"ఏం లేదు మేడమ్."

"నాకు తెలుసులెండి. మీ చెయ్యంత శుభ్రమైన చెయ్యి ఈ బిల్డింగులో లేదు" అని లేచి వెళ్ళిపోయారు.

ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చూడరు కాబట్టి రాస్తున్నాను. నేను సుద్ద వాడేవాణ్ణి. చిన్నప్పుడు ఐదో తరగతి మానేసి అద్దాల కొట్లో పనికి కుదిరితే అక్కడి మేస్త్రి మొదట నేర్పింది అదే. సుద్దగడ్డని తడి చేసి అద్దం మీద రుద్దాలి, ఆరనివ్వాలి, పొడిగుడ్డతో తుడవాలి. సబ్బుకి పోయేది మురికి, సుద్దకి పోయేది జిడ్డు అనేవాడు. కొట్టు మూసేసినప్పుడు ఓ డబ్బా నిండా గడ్డలు తెచ్చుకున్నాను. మేడమ్ ఇక్కడ చేరిన కొత్తలో పొరలు పలకకి అంటుకుపోయి ఊడేవి కావు. ఒకరోజు సుద్ద పెట్టి చూశాను. పొర ఉల్లిపొరలా ఊడొచ్చింది. ఆ రోజే మేడమ్ మొదటిసారి నా వైపు తిరిగి, భలే కడిగారు బాబాయ్ అన్నారు.

ఇంకేదీ వాడరాదు అని గోడ మీద ఉంది. రోజూ సాయంత్రం ల్యాబు పుస్తకంలో, ఇంకేదీ వాడలేదు అని అచ్చువేసిన లైను కింద సంతకం పెట్టాలి. పెట్టేవాణ్ణి. శుభ్రం చేయడం నేరమా? జిడ్డు పోతే మంచిదే కదా.

పొర చిరగడానికీ దానికీ సంబంధం లేదు.

మార్చి 18

ఇవాళ యంత్రం ఆపించారు. "మీరే కడగండి బాబాయ్, పాతరోజుల్లో లాగే. నేను చూస్తాను" అన్నారు మేడమ్.

జేబులో రుమాల్లో గడ్డ ఉంది. పన్నెండు పలకలు. ఆవిడ స్టూలు మీద కూర్చుని నా చేతుల వంకే చూస్తున్నారు. సబ్బునీళ్ళతో కడిగాను. డిస్టిల్డ్ వాటర్‌తో తొలిచాను. ఆరబెట్టాను. ఒక్కసారి కాఫీకి లేచి వెళ్ళినా బాగుండు అనుకున్నాను. లేవలేదు. "ఇంతేనా బాబాయ్?" అని మళ్ళీ అడిగారు, ఇంతే అన్నాను.

జేబులోంచి తీసి, ఇదిగో మేడమ్, ఇది కూడా అంటే సరిపోయేది. నాలుక దాకా వచ్చింది. నోట్లో నాలుక లేనివాడికి నాలుక దాకా వచ్చి ఏం లాభం?

మార్చి 20

పన్నెండూ చిరిగాయి.

మేడమ్ పుస్తకంలో గీత గీసి, "కడగడంలో తేడా లేదు. అది కొట్టేయొచ్చు" అన్నారు. నా భుజం తట్టారు. "మీ తప్పేం లేదు బాబాయ్."

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

మార్చి 22, శనివారం

అక్క మోకాళ్ళకి డాక్టరు మాత్రలు రాశాడు. మందులషాపులోనే ఒకటి నోట్లో వేసుకుని నమిలేసింది. మింగేదాన్ని నమిలింది. మొహం ముడుచుకుంది.

"ఏంటయ్యా ఇది, సుద్ద నమిలినట్టుంది!"

షాపాయన నవ్వాడు. "సుద్దేనమ్మా. కాల్షియం అంటే మరేంటనుకున్నారు? దాన్నే నున్నగా నొక్కి పెట్టెలో పెట్టి ఇస్తాం."

"చూశావట్రా, మన జేబులో ఉన్నదే మనకి అమ్ముతున్నాడు" అంది అక్క. నా రుమాలు సంగతి దానికి తెలుసు, బట్టలుతికేది అదే కదా.

ఆటోలో అక్క ఏదో మాట్లాడుతూనే ఉంది. నేను వినలేదు.

కాల్షియం. మేడమ్ చెప్పిన చేతులు.

మార్చి 23, ఆదివారం

గడ్డలన్నీ మురిక్కాలవలో వేశాను. జేబులోదీ, డబ్బాలోవీ. తెల్లగా కరిగి పోతుందనుకున్నాను. నీళ్ళ అడుగున కాసేపు కనిపించాయి. తర్వాత బురద పట్టింది.

అవి దొరికితే మేడమ్‌కే మాట వస్తుంది. పనివాణ్ణి చూసుకోలేదు అంటారు. ఆవిడ కోసమే పారేశాను.

మార్చి 24

ఆవిడ కోసం కాదు.

మార్చి 28, శుక్రవారం

బయటి ల్యాబు వాళ్ళు డైరెక్టరుకి రాశారట. మేడమ్ అంకెలు కొలిచినవి కావు, కల్పించి రాసినవి అని. ముగ్గురితో కమిటీ వేశారు. ఆసుపత్రి వాళ్ళు పన్నెండుమంది సంగతి ఆపేశారు.

లాగుడు పాపం నాలుగేళ్ళ కాగితాలన్నీ తీసి వరసగా పేర్చాడు. "అంకెలు నా మిషనువే. నేను అల్లినవి కావు" అని వచ్చినవాళ్ళకీ పోయినవాళ్ళకీ చెబుతున్నాడు. "పాత పొర ఒక్కటి, ఒక్క ముక్క మిగిలుంటే వాళ్ళ ముందే లాగి చూపించేవాణ్ణి పెద్దాయనా. మన పని తెంపడమేగా. అన్నీ తెంపేశాం."

మేడమ్ మధ్యాహ్నం భోజనం చేయలేదు. సాయంత్రం మళ్ళీ నా దగ్గరికొచ్చారు. కూర్చోలేదు. గొంతు తగ్గించి అడిగారు.

"బాబాయ్, ఏదైనా... మీకు చిన్నదనిపించినా సరే. ఏదైనా మారిందా? నీళ్ళు, గుడ్డ, ఏదైనా?"

ఇది మూడోసారి.

"గుడ్డ అదే మేడమ్" అన్నాను.

గుడ్డ అదే. ఆ మాట అబద్ధం కాదు.

ఏప్రిల్ 2

అన్నం సయించడం లేదు. అక్క నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

"జ్వరం లేదు. ఏం మింగావురా మూగాడా?"

చెప్పాను. మొత్తం. అక్క కంచం పక్కకి జరిపింది.

"ఆ పిల్ల నిన్నేమన్నా తిట్టేదా?"

"లేదు."

"కొట్టేదా?"

"ఏం మాటలక్కా."

"మరి దేనికిరా భయం?"

తిట్టే మనిషైతే చెప్పేవాణ్ణేమో. మీ చెయ్యంత శుభ్రమైన చెయ్యి లేదు అన్న మనిషికి ఎలా చెప్పను?

"ఎల్లుండేగా కమిటీ. చెప్పు. చేతులు కాలాకైనా సరే, ఆకులు పట్టుకో" అంది అక్క.

ఏప్రిల్ 4, శుక్రవారం

చెప్పాను.

నన్ను పిలిచింది సంతకాలు నావే అని చెప్పించడానికి. పొడుగు బల్ల. అవతల ముగ్గురు, మధ్యలో తెల్లజుట్టాయన. మేడమ్ ఒక పక్కన కుర్చీలో. నన్ను కూర్చోమనలేదు, నేనూ కూర్చోలేదు. తెల్లజుట్టాయన నేను సంతకాలు పెట్టే ల్యాబు పుస్తకం నా ముందుకి తోశాడు.

"ఇవి మీ సంతకాలేనా?"

"నావేనండి. ఇంకో మాటండి. నేను సుద్ద వాడేవాణ్ణి."

"ఏం వాడేవారు?"

"సుద్దండి. పలకలకి రుద్దేవాణ్ణి. రోజూ. యంత్రం వచ్చాక మానేశాను. అప్పటినుంచే చిరుగుతున్నాయి."

నా జీవితంలో పదిమంది ముందు అంత పొడుగు మాట మాట్లాడలేదు. చెప్పేశాను, అయిపోయింది అనుకున్నాను. గుండె తేలికపడింది. నిజం చెబితే చాలనుకున్నాను. అరవై ఎనిమిదేళ్ళొచ్చి.

తెల్లజుట్టాయన కళ్ళజోడు సర్దుకున్నాడు. "మీ సంతకం పైన అచ్చులో ఏముందో చదవండి."

చదివాను. "సబ్బునీళ్ళు, డిస్టిల్డ్ వాటర్ తప్ప ఇంకేదీ వాడలేదు."

"ఎనిమిది వందల చిల్లర రోజులు దీని కింద సంతకం పెట్టారు. అప్పుడు అబద్ధమా, ఇప్పుడు అబద్ధమా?"

"అప్పుడండి."

"ఆ సుద్ద ఏదీ?"

"మురిక్కాలవలో పారేశానండి."

"ఎప్పుడు?"

"మొన్న. ఇరవై మూడున."

పక్కనున్నాయన కాగితాలు తిప్పి, "పద్దెనిమిదో తేదీన ఈయనే చేత్తో కడిగారండి, మేడమ్ ఎదురుగా. పొరలు చిరిగాయి. కడగడంలో తేడా లేదని ఆవిడే రాశారు" అన్నాడు.

"ఆ రోజు సుద్ద పెట్టలేదండి. ఆవిడ చూస్తున్నారని."

మూడో ఆయన నవ్వు దాచుకోవడానికి నీళ్ళు తాగాడు. తెల్లజుట్టాయన నవ్వలేదు. మంచిగానే అడిగాడు.

"పెద్దాయనా, మేడమ్ అంటే మీకు అభిమానమా?"

"అవునండి."

"ఆవిడ ఉద్యోగం పోతే బాధపడతారు."

"పడతానండి."

"సరే, మీరు వెళ్ళొచ్చు" అన్నాడు. జాలిగా. ముసలాయన ఆవిణ్ణి కాపాడుకోవడానికి ఏదో కథ చెప్పాడనుకున్నారు. అన్నిటికీ నిజమే చెప్పాను. చెప్పిన ప్రతి నిజమూ ముందుదాన్ని అబద్ధం చేసింది.

మేడమ్ మాత్రం నన్నే చూస్తున్నారు. ఆవిడ ఒక్కరే నమ్మారు.

ఏప్రిల్ 5, శనివారం

మేడమ్‌ని పొమ్మన్నారని, బల్ల ఖాళీ చేసుకుంటున్నారని లాగుడు చెబితే వెళ్ళాను. అట్టపెట్టెలో పుస్తకాలు సర్దుతున్నారు. నేను గుమ్మంలో ఆగిపోయాను.

"రండి బాబాయ్."

"మేడమ్."

"నిజమేనా?"

"నిజమే."

"ఎప్పటినుంచి?"

"మీరు చేరిన కొత్తల్నుంచి. నాలుగేళ్ళుగా."

కుర్చీలో కూర్చున్నారు. వేలితో బల్ల మీద ఏదో గీసుకున్నారు, పలక గీసినట్టు. నాతో కాదు, తనలో తనే మాట్లాడుకున్నారు. "జిగురులో యాసిడ్ ఉంది. పలక మీద సుద్ద ఉంటే... నెమ్మదిగా కరుగుతుంది. కింద నుంచి. ఆరేలోపల మొత్తం పట్టేస్తుంది, ఒక్కలా. నేను ఉప్పునీళ్ళలో పెట్టేసరికి అంతా అయిపోయి ఉంటుంది."

వేలు ఆగింది.

"నేను ముంచినా ఒకటే, ముంచకపోయినా ఒకటే."

ఇప్పుడైనా మీకు మంచి జరుగుతుంది కదా మేడమ్, అన్నాను. నా నోరు పడిపోను.

మేడమ్ నా వంక చూశారు. కోపం ఉంటే బాగుండేది.

"వాళ్ళు నన్ను దొంగ అన్నారు బాబాయ్. వారం రోజులుగా అంటున్నారు. అయినా నిద్రపోయాను. ఎందుకంటే నేను చెప్పింది నిజమని నాకు తెలుసు. ఆగడంలో ఉంది కిటుకు అని. ఎక్కడో నీళ్ళో, పొడో తేడా వచ్చింది, ఎప్పటికైనా తేలుతుంది అనుకున్నాను. తేలింది. వాళ్ళు అన్నది అబద్ధం. నేను చెప్పిందీ అబద్ధమే. నాలుగేళ్ళు."

"మేడమ్..."

"మూడుసార్లు అడిగాను."

"అవునమ్మా."

"ఒక్కసారి. మొదటిసారి చెప్పి ఉంటే నేనే వాళ్ళకి రాసేదాన్ని. నా లెక్క తప్పు, అసలు సంగతి ఇదీ అని. తప్పు చేసినదాన్ని అయ్యేదాన్ని, అంతే. దొంగని అయ్యేదాన్ని కాదు."

పెట్టె మోసుకెళ్తానన్నాను. వద్దన్నారు. ఆవిడే మోసుకుని మెట్లు దిగారు. మధ్యలో ఒకసారి పెట్టె దించి, చేతులు మార్చుకుని, మళ్ళీ ఎత్తుకున్నారు. నేను పైనుంచి చూశాను.

ఏప్రిల్ 8

నన్ను తీసేయలేదు. యంత్రంలో పలకలు పెట్టాను, తీశాను. సంతకం పెట్టాను.

ఏప్రిల్ 9

అదే.

ఏప్రిల్ 16

మేడమ్ గదిలోకి ఎవరో కొత్తాయన వచ్చారు. బల్ల తిప్పి వేయించారు.

లాగుడు నాతో మాట్లాడటం లేదు. ఇవాళ టీ దగ్గర నా వెనక ఎవరితోనో అంటున్నాడు. "చావు కబురు చల్లగా చెప్పినట్టు చెప్పాడయ్యా. రాయి కూడా ముందే చెప్పేది." వినాలనే అన్నాడు. విన్నాను.

ఏప్రిల్ 21

అక్క అడిగింది, రాసుకుంటున్నావుగా, ఏమన్నా తగ్గిందా అని. లేదన్నాను.

ఏప్రిల్ 29, మంగళవారం

అక్క ఫోనుకి మేడమ్ ఫోను చేశారు. అక్క మాట్లాడకుండా నాకిచ్చేసింది. అంత మర్యాద దానికి ఎక్కడినుంచి వచ్చిందో.

"బాబాయ్, బాగున్నారా? అక్కగారి మోకాళ్ళు ఎలా ఉన్నాయి?"

బాగున్నామన్నాను.

ఒక స్నేహితురాలు తన ల్యాబులో ఓ మూల ఇచ్చిందట. నెలరోజులే. ఆ తర్వాత అక్కడ వేరేవాళ్ళు వస్తారు. అద్దాలవాళ్ళు వాడే సుద్ద సంపాదించారట. పలకలు ఆవిడే రుద్దుకుంటున్నారట. "రావడం లేదు బాబాయ్. ఒకసారి గడ్డలు కడుతోంది, ఒకసారి అసలు పట్టడం లేదు. ఎంత సుద్ద మిగలాలో తెలియడం లేదు. అందుకే అడుగుతున్నాను. సుద్ద రుద్ది, గుడ్డతో తుడిచాక మళ్ళీ నీళ్ళతో తొలిచేవారా?"

"తొలిచేవాణ్ణి."

"ఎన్నిసార్లు?"

గుర్తు లేదు. నేనెప్పుడూ లెక్కపెట్టలేదు. పలక వెలుతురుకి పట్టుకుని చూసి, చాలు అనిపిస్తే ఆపేవాణ్ణి. ఒక్కోనాడు ఒకసారి. నడుము బాగుంటే మూడుసార్లు.

అవతల మేడమ్ ఊపిరి వినిపిస్తోంది. పెన్ను మూత తీసిన చప్పుడు కూడా.

"రెండుసార్లు మేడమ్" అన్నాను.

"ఖచ్చితంగానా?"

"ఖచ్చితంగా."

"థాంక్స్ బాబాయ్" అన్నారు. పాత గొంతు. టీ తాగుతూ నాకు చేతుల సంగతి చెప్పిన రోజు గొంతు. "ఇక అన్నీ దాని మీదే చేస్తాను. ఈ నెల దీనికే."

ఫోను పెట్టేశాక అక్క అడిగింది, "ఏమందిరా?" అని.

"క్షమించినట్టే ఉంది" అన్నాను.

ఏప్రిల్ 30

రేపు ఫోను చేసి చెప్పాలి. గుర్తు లేదు మేడమ్ అని. అంతే, మూడు మాటలు.

మే 1

ఇవాళ సెలవు. ఆవిడ ఇంట్లో ఉండరేమో.

మే 6

అక్క ఫోను తెచ్చి నా ముందు పెట్టింది. సాయంత్రం మళ్ళీ తీసి లోపల పెట్టేసింది.

మే 13

రెండే అయ్యుంటుంది.